అక్క కంప్యూటర్ వేగం పెంచాను, ఇప్పుడు ఫైళ్లు చెడిపోతున్నాయి

22 ఏళ్ల పాఠకుడు ఒకరు చాలా వివరంగా రాసిన ఉత్తరానికి ఇది సారాంశం. వాళ్ల ఇంట్లో ఉన్నది ఒకే ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్. అక్క తన సంపాదనతో కొనుక్కున్నది. ఆమె దాని మీద భవనాల త్రీడీ నమూనాలు తయారుచేస్తుంది, పడుకునే ముందు రెండర్‌కు (నమూనా నుంచి తుది బొమ్మ తయారయ్యే పనికి) పెట్టి వెళ్తుంది. ఆమెకు పని లేని రాత్రుల్లో తమ్ముడు గేములు ఆడుకుంటాడు. ప్రాసెసర్, మల్టిప్లయర్‌కు (మూల వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే అంకెకు) తాళం లేని రకం. రెండు నెలల క్రితం అక్కకు చెప్పకుండా మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, అన్ని కోర్ల మల్టిప్లయర్‌ను 47 నుంచి 50కి, అంటే వేగాన్ని 4.7 నుంచి 5 గిగాహెర్ట్జ్‌కు పెంచారు. వోల్టేజీ ఆటోలో ఉన్నప్పుడు గట్టి పని మీద 1.25 వోల్టుల దగ్గర ఉండేది, దాన్ని 1.40 దగ్గర కట్టేశారు. పని పడినప్పుడు వోల్టేజీ కుంగకుండా చూసే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను అన్నిటికంటే పై మెట్టులో పెట్టారు. అదే ఊపులో ర్యామ్‌ను ప్రామాణిక వేగం కంటే ఎక్కువలో నడిపే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ కూడా ఆన్ చేశారు. పది నిమిషాల ఒత్తిడి పరీక్ష పాసైంది. గంటల తరబడి గేములు ఆడినా ఎక్కడా ఆగలేదు.

మూడు వారాలుగా అక్క రెండర్లు మధ్యలో ఆగిపోతున్నాయి. ఒక ఉదయం చూస్తే నీలి తెర. ఆమె పంపిన జిప్ ఫైలు అవతలివాళ్ల దగ్గర తెరుచుకోలేదు, మళ్లీ పంపితే తెరుచుకుంది. డిస్క్ పోతోందని ఆమె అనుమానం. ‘ఇంట్లో కంప్యూటర్ సంగతులు తెలిసినవాణ్ని నేనే కాబట్టి నన్నే అడిగింది. నోరు పెగలక, అయి ఉండవచ్చు అక్కా అనేశాను. ఇప్పుడు ఏ డిస్క్ కొనాలో చూసిపెట్టమంటోంది. ఒకసారి రెండర్ నడుస్తుంటే వేడి చూశాను, 98 డిగ్రీలు ఉంది’ అని రాశారు. ఆయన అడిగినవి మూడు ప్రశ్నలు. తప్పు నిజంగా ఓవర్‌క్లాకింగ్‌దేనా, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని మించి నడపడానిదేనా? గుట్టుచప్పుడు కాకుండా పాత సెట్టింగులు పెట్టేస్తే సరిపోదా? ఇక ఓవర్‌క్లాకింగ్ జోలికే పోకూడదా?

సమాధానం

మీది తేలు కుట్టిన దొంగ పరిస్థితి. అది మీకూ తెలుసు కాబట్టి దాని మీద ఉపన్యాసం ఇవ్వను. మీ ఉత్తరంలో మూడొంతులు అక్క కోప్పడుతుందన్న భయం, నాన్న ‘ముందే చెప్పాను కదా’ అంటారన్న బెంగ. అక్క ఫైళ్ల గురించి ఉన్నవి రెండు మూడు వాక్యాలే. నేను అక్కడే మొదలుపెడతాను. మిగతా చిక్కుముడులు కూడా అక్కడి నుంచే విడతాయి.

ఇది చదవగానే ఒక పని చేయండి. బయోస్‌లోకి, అంటే ఆ మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి ఇప్పుడున్న సెట్టింగుల పేజీలన్నిటినీ ఫోనుతో ఫొటోలు తీసుకోండి. తర్వాత డిఫాల్ట్స్ (కంపెనీ పెట్టి పంపిన సెట్టింగులు) లోడ్ చేసే వరుస ఎంచుకుని సేవ్ చేయండి. దానితోపాటు ఎక్స్‌ఎంపీ కూడా ఆఫ్ అవుతుంది, అవనివ్వండి. కొన్ని బోర్డుల్లో డిఫాల్ట్స్ పెట్టగానే డిస్క్ కంట్రోలర్ మోడ్ కూడా మారిపోయి విండోస్ మొదలవదు. అప్పుడు కంగారు పడకుండా ఫొటో చూసి ఆ ఒక్క వరుసను యథాస్థానానికి తెస్తే చాలు.

ఇది అయ్యేవరకు ఆ కంప్యూటర్‌లో ఏ ఫైలునూ ఎక్కడికీ కాపీ చేయవద్దు. భద్రం చేద్దామని ఆదరాబాదరాగా కాపీ చేస్తే, ఆ కాపీ కూడా అదే ర్యామ్ గుండా, అదే ప్రాసెసర్ గుండా వెళ్తుంది. మంచి ఫైలుకు చెడ్డ నకలు తయారు కావచ్చు. అక్కకు విడిగా బ్యాకప్ డిస్క్ ఉంటే దాన్ని తగిలించనే వద్దు. పాత మంచి ప్రతి మీద కొత్త చెడ్డ ప్రతి వచ్చి కూర్చుంటే ఎవరూ ఏమీ చేయలేరు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. అనుమానం మీ సెట్టింగుల మీదే బలంగా ఉంది. ఎందుకో చెప్తాను. 5 గిగాహెర్ట్జ్ వేగంలో ఒక్కో క్లాక్ టిక్కుకు దొరికే సమయం 200 పికోసెకన్లు. 4.7 దగ్గర అది సుమారు 213. మీరు కోసింది ఆ 13 పికోసెకన్లే. ఒక టిక్కు నుంచి మరో టిక్కు లోపల సంకేతం వరుసగా ట్రాన్సిస్టర్లన్నీ దాటుకుని అవతలి ఒడ్డున నిలకడగా ఉండాలి. గంట కొట్టగానే పేపర్లు లాక్కునే పరీక్ష హాలు ఊహించుకోండి: చివరి అంకె రాయడం పూర్తికాకపోతే సగం రాసినదాన్నే జవాబుగా తీసుకుపోతారు. ప్రాసెసర్ లోపల కాష్ మెమరీలో తప్పులు పట్టే ఏర్పాటు ఉంటుంది కానీ, లెక్కలు చేసే భాగాల్లో అలాంటి కాపలా చాలా తక్కువ. తప్పు లెక్క కీలకమైన చోట పడితే నీలి తెర వస్తుంది. రెండర్ చేస్తున్న బొమ్మలో ఒక చుక్క రంగు దగ్గర పడితే ఎవరికీ తెలియదు. జిప్ ఫైలు మధ్యలో పడితే అవతలివాళ్ల దగ్గర తెరుచుకోదు.

గేములు సాఫీగా నడిచాయి కాబట్టి సెట్టింగులు నిలకడగానే ఉన్నాయని మీరు రాశారు. ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్లలో చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. గేము నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్ ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, కోర్లన్నీ ఒకేసారి ఒళ్లు వంచే సందర్భాలు తక్కువ. రెండర్ అలా కాదు. ప్రతి కోరూ ఏవీఎక్స్ (ఒకేసారి ఎన్నో అంకెల మీద లెక్క చేయించే ఆదేశాలు) లాంటి బరువైన ఆదేశాలతో రాత్రంతా పనిచేస్తుంది. కరెంటు ఎక్కువ లాగుతుంది, వోల్టేజీ కుంగుతుంది, వేడి పెరుగుతుంది. మీరు పది నిమిషాల్లో ఆపేసిన పరీక్ష ఆ వేడి పతాక స్థాయికి చేరకముందే ముగిసి ఉంటుంది. అంటే మీ సెట్టింగులు మీ పనికి సరిపోయాయి, అక్క పనికి సరిపోలేదు.

ఉత్తరంలో మరో మాట నన్ను ఆపింది. మార్చింది రెండు నెలల క్రితం, ఇబ్బంది మొదలైంది మూడు వారాల క్రితం. దీనికి కారణాలు ఏవైనా కావచ్చు. కూలర్‌లో దుమ్ము పేరుకుని ఉండవచ్చు. అక్క ఈమధ్య పెద్ద నమూనాలు పట్టుకుని ఉండవచ్చు. 1.40 వోల్టులు, 98 డిగ్రీలు కలిసి ప్రాసెసర్‌ను కొంత అరగదీసి ఉండవచ్చు కూడా. అధిక కరెంటు, వేడి వల్ల చిప్ లోపలి సన్నని లోహపు తీగల్లో పరమాణువులు మెల్లగా చోటు మారతాయి, నిన్నటివరకు సరిపోయిన వోల్టేజీ రేపు సరిపోదు. కానీ వీటన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసింది వేరే ఉంది: మూడు వారాల క్రితం నుంచి తప్పులు కనబడుతున్నాయి, అంతే. అంతకుముందు జరగలేదని దానర్థం కాదు. కాబట్టి అనుమానించవలసిన ఫైళ్లు రెండు నెలలవి.

లోడ్‌లైన్ గురించి కూడా ఒక మాట. పని పడగానే వోల్టేజీ కాస్త కుంగడం లోపమని చాలామంది అనుకుంటారు. అది కావాలని చేసిన ఏర్పాటు. పని హఠాత్తుగా ఆగినప్పుడు వోల్టేజీ పైకి ఎగురుతుంది, ఆ ఎగురు హద్దు దాటకూడదని ముందే కొంత కుంగనిస్తారు. పై మెట్టులో పెట్టి ఆ కుంగుబాటును చెరిపేస్తే, మీరు 1.40 అనుకుంటున్న చోట అంతకు మించిన క్షణాలు వచ్చిపోతుంటాయి. అవి మైక్రోసెకన్ల వ్యవహారం, తెర మీద వోల్టేజీ చూపించే సాఫ్ట్‌వేర్‌కు దొరకవు.

ఇంత చెప్పినా, నేరం రుజువైందని అనను. మీరు రెండు మార్పులు ఒకేసారి చేశారు కాబట్టి ప్రాసెసర్ దోషమో ర్యామ్ దోషమో చూడాలి. నిజంగానే డిస్క్ దోషం కూడా కావచ్చు. దీన్ని తేల్చడానికి పెద్ద విద్య అక్కర్లేదు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ వివరాల్లో రీఅలొకేటెడ్ (చెడిపోయి పక్కన పెట్టినవి), పెండింగ్ (అనుమానంలో ఉన్నవి) సెక్టార్ల సంఖ్య చూడండి. రెండూ సున్నా అయితే డిస్క్ మీద అనుమానం బాగా తగ్గుతుంది. పైగా డిస్క్ తన తప్పులను తానే సరిచూసుకుంటుంది, చదవలేకపోతే చదవలేనని చెప్తుంది, సాధారణంగా తప్పుడు సమాచారం చేతిలో పెట్టి ఊరుకోదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు రాసిపెట్టేది) పేరుతో నమోదులున్నాయేమో వెతకండి. 19వ నంబరు నమోదు అంటే సరిదిద్దగలిగిన తప్పు, 18 అంటే ప్రాణాంతకమైనది. అవి మీరు సెట్టింగులు మార్చిన తేదీ తర్వాతే మొదలై ఉంటే ఇక వేరే సాక్ష్యం ఎందుకు?

ఆ జిప్ ఫైలు సంగతి అక్కను అడగండి. రెండోసారి పంపింది అదే ఫైలా, మళ్లీ కొత్తగా జిప్ చేసి పంపిందా? అదే ఫైలు అయితే దారిలో, అంటే పంపడంలోనో దించుకోవడంలోనో ఏదో జరిగి ఉండవచ్చు. కొత్తగా చేసి పంపితే బాగుంది అంటే, మొదటిసారి జిప్ చేస్తున్నప్పుడే లెక్క తప్పి ఉండవచ్చు. మొదటి ఫైలు ఇంకా ఉంటే దాన్ని తెరిచి చూడండి, ప్రతిసారీ కంప్యూటర్ రీస్టార్ట్ చేసి. ఒకసారి తెరుచుకుని మరోసారి తెరుచుకోకపోతే డిస్క్‌ది తప్పు కాదనే చెప్పుకోవచ్చు. డిస్క్ మీద చెడిపోయినది ఎప్పుడు చదివినా చెడిపోయినట్టే కనబడుతుంది.

డిఫాల్ట్స్ పెట్టిన తర్వాత ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి. ఒక్క తప్పు చూపించినా ర్యామ్ విఫలమైనట్టే, కొద్దిపాటి తప్పులకు పాస్ మార్కులు ఉండవు. అది శుభ్రంగా దాటితే, అక్క పాత రెండర్ ఒకటి తీసుకుని రెండుసార్లు చేయించి ఫలితాలు పోల్చండి. అదీ బాగుంటే ఎక్స్‌ఎంపీ ఒక్కటే ఆన్ చేసి మళ్లీ ఇవే చేయండి. ఎక్స్‌ఎంపీ అనేది ఒక్క క్లిక్కుతో అయిపోతుంది కాబట్టి దాన్ని ఎవరూ ఓవర్‌క్లాకింగ్ అనుకోరు. నిజానికి అది కూడా ప్రామాణిక వేగాన్ని, చాలా డీడీఆర్4 ర్యామ్‌లలో 1.2 వోల్టుల ప్రామాణిక వోల్టేజీని దాటి 1.35కు వెళ్లడమే.

డిఫాల్ట్స్‌లోనూ తప్పులు వస్తుంటే కథ మారుతుంది. మీ ప్రాసెసర్ ఏ తరానిదో మీరు రాయలేదు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఎవరూ వేలు పెట్టకుండానే అస్థిరమయ్యాయి. అవసరానికి మించిన వోల్టేజీ అందడమే కారణమని కంపెనీ 2024లో చెప్పి, బయోస్ ద్వారా మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు విడుదల చేసింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. మీది ఆ రకమైతే కొత్త బయోస్ వేయడం మొదటి పని. కాకపోతే ప్రాసెసర్ అరిగిందనో, ర్యామ్ పోయిందనో తేలవచ్చు. ఓవర్‌క్లాకింగ్ వల్ల జరిగిన నష్టానికి సాధారణంగా వారంటీ వర్తించదు. అప్పుడు వారంటీ కాగితంలో ఏం రాస్తారన్నది కూడా మీరూ అక్కా కలిసి నిర్ణయించుకోవలసిన విషయమే, మీరొక్కరే కాదు.

ఇక రెండో ప్రశ్న: చెప్పకుండా పాత సెట్టింగులు పెట్టేసి చేతులు దులుపుకోవచ్చా? పెట్టవచ్చు. రేపటి నుంచి రెండర్లు సాఫీగా నడవవచ్చు కూడా. కానీ అక్క అవసరం లేని డిస్క్ కొంటుంది. కొన్న తర్వాత ఇబ్బంది పోయిందని, అసలు కారణం డిస్కేనని జీవితాంతం నమ్ముతుంది. అంతవరకైతే డబ్బు నష్టమే అనుకుందాం. అసలు నష్టం వేరు. ఈ రెండు నెలల్లో ఆమె సేవ్ చేసిన వాటిలో కొన్ని ఇప్పటికే చెడి ఉండవచ్చు. వాటిలో ఏవైనా ఎవరికైనా పంపవలసినవి ఉంటే, పంపేముందు తెరిచి చూసుకోవాలని ఆమెకు తెలియదు. సెట్టింగులు వెనక్కి వెళ్తాయి, ఫైళ్లు వెళ్లవు. ఏ తేదీ నుంచి అనుమానించాలో తెలిసినవారు ఆ ఇంట్లో మీరొక్కరే.

అందుకే చెప్పడమా మానడమా అన్నదాన్ని నేను నీతి సమస్యగా చూడటం లేదు. ఆ తేదీ ఆమెకు అందాలి, అంతే. ఎప్పుడు చెప్పాలన్న దగ్గర మాత్రం మీకు రెండు దారులున్నాయి. ఈ రోజే చెప్తే కోపం గట్టిగా ఉంటుంది, పైగా మీ దగ్గర ఇంకా రుజువు లేదు, ‘అయితే ఏమిటి చేయాలి?’ అని అడిగితే సగం జవాబే ఇవ్వగలరు. కానీ డిస్క్ కొనడం ఆగుతుంది, పంపబోయే ఫైలు ఏదైనా ఉంటే ఆగుతుంది. మెమ్‌టెస్ట్ అయ్యాక, ఈవెంట్ వ్యూయర్ చూశాక చెప్తే మీ మాటకు బలం ఉంటుంది. అయితే ఈలోగా ఆమె ఏ పని పంపించిందో దాని బాధ్యత కూడా మీ ఖాతాలో పడుతుంది. ఆమెకు ఈ వారం ఎవరికైనా పని అప్పగించేది ఉంటే రెండో దారి పనికిరాదు. లేదంటే ఒక్క రాత్రి ఆగవచ్చు, అంతకు మించి వద్దు.

ఎలా చెప్పాలో కూడా చెప్తాను. చుట్టూ తిప్పకండి. ‘అక్కా, డిస్క్ కొనడం కాస్త ఆపు. రెండు నెలల క్రితం నీకు చెప్పకుండా ప్రాసెసర్ వేగం పెంచాను. రెండర్లు ఆగిపోవడానికి అదే కారణం కావచ్చు. ఇప్పుడు పాత సెట్టింగులు పెట్టేశాను. ఫలానా తేదీ తర్వాత సేవ్ చేసినవన్నీ మనిద్దరం కూర్చుని తెరిచి చూద్దాం.’ ఇంతే. గిగాహెర్ట్జ్ లెక్కలు ఆమె అడిగితే చెప్పండి. నాన్నకు చెప్పాలా వద్దా అన్నది అక్కకు వదిలేయండి, కంప్యూటర్ ఆమెది.

మూడో ప్రశ్నకు ముందు ఒక చిన్న లెక్క. ప్రాసెసర్ మింగే కరెంటు వేగంతో నేరుగా పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. వోల్టేజీ 1.25 నుంచి 1.40కి, వేగం 4.7 నుంచి 5.0కి అంటే ఖర్చు సుమారు 33 శాతం ఎక్కువ. అంటే 130 వాట్లు మింగేది 173 దాకా పోతుంది, ఆ తేడా అంతా వేడే. ప్రతిఫలంగా వచ్చిన వేగం 6 శాతం కొద్దిగా పైన. పది గంటల రెండర్‌లో అంతా సవ్యంగా సాగితే మిగిలేది 36 నిమిషాలు. 98 డిగ్రీల దగ్గర ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి తానే వేగం తగ్గించుకునే గీతకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఆ 36 నిమిషాలూ దక్కి ఉండవు. కొండను తవ్వి ఎలుకను పట్టారు, ఆ ఎలుక కూడా చేతిలో లేదు.

ఇది మీ చేతకానితనం కాదు. 1998లో సెలెరాన్ 300ఎ అనే ప్రాసెసర్ ఉండేది. బస్ వేగం 66 మెగాహెర్ట్జ్ నుంచి 100కు మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 వద్ద పరుగెత్తేది, సగానికి సగం ఉచితం. ఓవర్‌క్లాకింగ్ మీద ఇప్పటికీ ఉన్న మోజుకు పునాది అలాంటి రోజులే. ఇప్పటి ప్రాసెసర్లు ఆ మిగులును టర్బో (వీలున్నప్పుడు తమంతట తామే వేగం పెంచుకోవడం) పేరుతో కంపెనీ నుంచే వాడుకుని వస్తున్నాయి. మనకు మిగిలింది అంచున ఉన్న కాస్త.

అయినా మోజు మోజే, దాన్ని నేను తక్కువ చేయను. ఈ కంప్యూటర్ వరకు అక్క ముందు మీరు పెట్టగలిగిన ప్రతిపాదనలు కొన్ని ఉన్నాయి. అన్నిటికంటే నచ్చేది కూలర్ శుభ్రం చేయడం, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పూత) మార్చడం, అవసరమైతే పెద్ద కూలర్ పెట్టడం. చల్లగా ఉంటే ప్రాసెసర్ తన టర్బో వేగాన్నే ఎక్కువసేపు నిలుపుకుంటుంది, ఒక్క లెక్కా తప్పదు. అక్క రెండర్‌కు నిజంగా ఉపయోగపడేది కూడా ఇదే.

వేగం అలాగే ఉంచి వోల్టేజీ కొద్దిగా తగ్గించే అండర్‌వోల్టింగ్ గురించి కూడా మీరు విని ఉంటారు. వేడి తగ్గుతుంది, చిప్ అరుగుదల తగ్గుతుంది. కానీ అది అమాయకమైనది కాదు, తప్పు లెక్కల ప్రమాదం దీనిలోనూ ఉంది. కొన్నిసార్లు గట్టి పని మీద బాగుండి, ఏ పనీ లేనప్పుడు కుప్పకూలుతుంది.

బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు దాచుకుని, పనికి డిఫాల్ట్, గేముకు ఓవర్‌క్లాక్ అని మార్చుకోవడం మరో దారి. కాగితం మీద బాగుంటుంది. అర్ధరాత్రి గేము ముగించి, నిద్రమత్తులో ప్రొఫైల్ మార్చడం మరిచిపోయిన ఒక్క రాత్రి చాలు, మళ్లీ ఇదే ఉత్తరం రాయడానికి. అక్క ఒప్పుకుంటే చేయండి, నేనైతే ఆమెను ఒప్పుకోమని చెప్పను.

మీకు నేర్చుకోవాలనే ఉంటే ఎవరి పనీ ఆధారపడని పాత కంప్యూటర్ ఒకటి సంపాదించుకోండి. ఒకసారికి ఒకే మార్పు, మల్టిప్లయర్ ఒక్క మెట్టు, తర్వాత ప్రైమ్95 లాంటి బరువైన పరీక్ష గంటల కొద్దీ, మరో రోజు పెద్ద ఫోల్డర్‌ను జిప్ చేసి విప్పి పోల్చడం. లోడ్‌లైన్ మధ్య మెట్లు దాటవద్దు. తెర నల్లగా ఉండిపోతే కరెంటు తీసేసి, బోర్డు మీది నాణెం బ్యాటరీ ఊడదీసి, కొన్ని నిమిషాలాగి మళ్లీ పెట్టండి. సెట్టింగులు చెరిగిపోతాయి, మళ్లీ మొదటి మెట్టు నుంచి.